అప్పు మీద తెచ్చిన మిషనూ, అల్ట్రామానూ

(యానిమేషన్, గ్రాఫిక్స్ నేర్చుకుంటున్న విద్యార్థుల ముందు చేసిన ప్రసంగం. ఆ రోజు రాలేకపోయిన వాళ్ల కోసం రికార్డింగ్ విని రాసి పెట్టాం.)

అందరికీ నమస్కారం. వెనక కూర్చున్న వాళ్లకి వినపడుతోందా? వినపడకపోతే చెయ్యెత్తండి, మైకు ఇంకాస్త దగ్గరికి పెట్టుకుంటాను.

సరే. ఇవాళ చెప్పబోయేది ఒక కంపెనీ కథ. హీరో కథ కాదండీ, కంపెనీ కథ. హీరో మీకు తెలుసు. వెండి ఒళ్లు, ఎర్ర చారలు, గుండె మీద దీపం. అల్ట్రామాన్. బొమ్మగానో, టీషర్టు మీదో, ఫోన్లోనో చూసే ఉంటారు. వాణ్ని పుట్టించిన వాళ్ల పేరు త్సుబురాయా ప్రొడక్షన్స్. 1963 ఏప్రిల్‌లో టోక్యోలో పెట్టారు. ఇప్పటికీ నడుస్తోంది. ఇన్నేళ్లలో జనం వాళ్లని నెత్తిన పెట్టుకున్నారు. కానీ లెక్కల పుస్తకం మాత్రం చాలా ఏళ్లు కలిసి రాలేదు. చూసేవాళ్లు కోట్లలో ఉన్నారు, అయినా అప్పులే. ఎందుకని? ఇవాళ నా గోలంతా దాని గురించే.

ముందు మనిషిని చూద్దాం. ఎయిజి త్సుబురాయా. 1901లో ఫుకుషిమా ప్రాంతంలో సుకగావా అనే ఊళ్లో పుట్టాడు. మూడేళ్లకే తల్లి పోయింది. కుర్రాడికి విమానాల పిచ్చి. పదిహేనేళ్లకే హనేదాలో విమానాలు నడపడం నేర్పే బడిలో చేరాడు. మరుసటి ఏడే అక్కడి గురువు ప్రమాదంలో పోయాడు, బడి మూతపడింది. తర్వాత ఎలక్ట్రికల్ చదువు, ఓ బొమ్మల కంపెనీలో పని, ఆ పైన 1919లో సినిమా కెమెరా. విమానాలు, కరెంటు, బొమ్మలు, కెమెరా. ఈ నాలుగూ ఆ మనిషి చేతుల్లో కలిశాయి. కావాలని కూర్చిన సిలబస్ కాదు, అలా జరిగిపోయింది.

1933లో అమెరికా నుంచి 'కింగ్ కాంగ్' వచ్చింది. దాని ప్రింటు ఒకటి సంపాదించి, ఒక్కో ఫ్రేమూ ఆపి చూశాడు. ఇది ఎలా తీశారు, ఇది ఎలా తీశారు, ఇదే ధ్యాస. ఇప్పుడు మీరు యూట్యూబులో పాజ్ కొట్టి చూస్తారు చూడండి, ఆయన అదే పని ఫిల్ము చేత్తో పట్టుకుని చేశాడు.

ఇక్కడ దాచకూడని సంగతి ఒకటి ఉంది. అభిమానులు రాసే కథల్లో ఇది గబగబా దాటేస్తారు, నేను దాటను. ఈయన పనితనం మొదట దేశమంతా చూసింది యుద్ధం సినిమాలో. పెర్ల్ హార్బర్ మీద జపాన్ దాడి జరిగి ఏడాది నిండే వేళకి, 1942 డిసెంబర్‌లో, నౌకాదళం కోసం ప్రచార సినిమా ఒకటి వచ్చింది. అందులో ఓడరేవు, ఓడలు, విమానాలు, పేలుళ్లు అన్నీ బొమ్మలే. పైనుంచి చూస్తే కనిపించే సముద్రాన్ని అగర్ అగర్‌తో పోశారు. అవును, మనం జెల్లీ గట్టిపడటానికి వేసే అదే అగర్ అగర్. నీటితో ఒక చిక్కుంది. బొమ్మ ఓడని చిన్నది చేయొచ్చు, నీటి చుక్కని చిన్నది చేయలేం. చుక్క సైజు చుక్కదే. అందుకే జెల్లీ సముద్రం. పని అద్భుతం, దాన్ని వాడింది మాత్రం యుద్ధానికి జనాన్ని రెచ్చగొట్టడానికి. యుద్ధంలో జపాన్ ఓడిపోయాక, అమెరికా నడిపిన ఆక్రమణ ప్రభుత్వం ఇలాంటి సినిమాల్లో పనిచేసిన వాళ్లని ఉద్యోగాల నుంచి తప్పించింది. ఈయన కూడా 1948లో టోహో స్టూడియో వదిలేయాల్సి వచ్చింది. టోక్యోలో సోషిగయా అనే పేటలో, సొంతింట్లోనే చిన్న ప్రయోగశాల పెట్టుకుని, చిల్లర పనులు చేసుకుంటూ బతికాడు. తర్వాత టోహో మళ్లీ పిలిచింది.

ఇక 1954. ఆ ఏడు మార్చి 1న బికినీ దీవి దగ్గర అమెరికా హైడ్రోజన్ బాంబు పరీక్ష చేస్తే, జపాన్ చేపల పడవ ఒకటి ఆ బూడిదలో చిక్కుకుంది. దేశమంతా అట్టుడికిపోయింది. అదే సమయంలో టోహో నిర్మాత తొమొయుకి తనాకా ఇండోనేషియాతో కలిసి తీయాల్సిన సినిమా ఆగిపోయి, ఖాళీ పూడ్చడానికి ఏదో ఒకటి తీయాలి. అలా పుట్టింది గాడ్జిల్లా. నవంబర్ 3న విడుదల. దర్శకుడు ఇషిరో హోండా, ట్రిక్కుల పనంతా త్సుబురాయా. ఈయన మొదట ఏం కోరాడో తెలుసా? రాక్షసుడు ఆక్టోపస్ అయితే బాగుంటుందన్నాడు. మన హిందూ మహాసముద్రంలో ఓడల మీద పడే పెద్ద ఆక్టోపస్ కథ ఒకటి ఎప్పుడో రాసి పెట్టుకున్నాడట. ఎవరూ ఒప్పుకోలేదు. పాపం.

'కింగ్ కాంగ్'లో కోతి బొమ్మని ఒక్కో ఫ్రేముకి కాస్త కాస్త కదిపి తీశారు. అలా తీయాలంటే ఏళ్లు పడుతుంది. ఈయన చేతిలో ఉన్నవి నెలలు. అందుకని మనిషికే తొడుగు వేసి, ఊరిని చిన్నది చేశాడు. తొడుగులో ఉన్నది హరువో నకాజిమా అనే నటుడు. మొదటి సూటు ఎంత బరువంటే నడవడమే కుదరలేదు. దాన్ని రెండు ముక్కలు చేసి కాళ్ల షాట్లకి వాడుకుని, ఇంకో సూటు కాస్త తేలిగ్గా కుట్టారు.

ఇప్పుడు మీరు కాగితం తియ్యండి. ఇది లెక్క. గాడ్జిల్లా ఎత్తు 50 మీటర్లు. సూటులో మనిషి రెండు మీటర్లు. అంటే ఇరవై ఐదో వంతు. 25 మీటర్ల భవనం సెట్లో ఒక మీటరు బొమ్మ. మీటరు ఎత్తు నుంచి గోడ ముక్క పడితే నేలకి చేరడానికి అర సెకను కూడా పట్టదు, దాదాపు 0.45. అదే 25 మీటర్ల నుంచి పడితే రెండుంబావు సెకన్లు. ఎన్ని రెట్లు? ఐదు రెట్లు. ఇరవై ఐదుకి వర్గమూలం ఐదు, అంతే. అంటే బొమ్మ ఇల్లు నిజం ఇల్లులా కూలాలంటే, కెమెరా సెకనుకి 24 ఫ్రేములు కాదు, 120 తీయాలి. అన్నిసార్లూ అంత వేగం కుదరదు, కానీ సూత్రం అదే. ఇప్పుడు చెప్పండి, ఐదు రెట్లు వేగంగా తీస్తే ఏమవుతుంది? ఆ, ఎవరో అన్నారు, వెలుతురు. కరెక్ట్. ఒక్కో ఫ్రేముకి పడే వెలుతురు ఐదో వంతయిపోతుంది. కాబట్టి ఐదు రెట్లు లైట్లు పెట్టాలి. ఆ లైట్ల కింద, రబ్బరు సూటులో, మనిషి. అర్థమైందా ఆ మనిషి పరిస్థితి? తెర మీద ఆ బరువు, ఆ నింపాది నడక నటన ఒక్కటే కాదు. గణితమూ, చెమటా.

మన దగ్గర కూడా అదే కాలం గుర్తు చేసుకోండి. 1957లో 'మాయాబజార్'లో ఘటోత్కచుడి నోట్లోకి లడ్డూలు ఎగిరి పడ్డాయి. మార్కస్ బార్ట్‌లీ కెమెరా. ఆ తరమంతా అలాగే, చేతుల్తోనే చేశారు. కానీ సినిమా అంటే నెలలు దొరుకుతాయి. త్సుబురాయా ఆ తర్వాత చేసిన పని ఏంటంటే, దీన్నే టీవీకి, వారం వారం చేస్తానన్నాడు. అక్కడ మొదలైంది అసలు కథ. కష్టాలు కూడా అక్కడే.

1963లో సొంత కంపెనీ పెట్టాడు. అమెరికాలో ఆక్స్‌బెరీ అని ఆప్టికల్ ప్రింటర్ దొరుకుతుంది. విడివిడిగా తీసిన రెండు మూడు ఫిల్ములని కలిపి ఒకే ఫిల్ముగా మళ్లీ తీసే మిషను. మీరు ఇప్పుడు కంపోజిటింగ్ అంటారే, అది ఇనుములో అన్నమాట. ధర నాలుగు కోట్ల యెన్లు. ఫుజి టీవీ వాళ్లకి ఒక సీరియల్ చేస్తాం కదా, డబ్బొస్తుంది కదా అని ఆర్డరిచ్చేశాడు. ఆ సీరియల్ కాస్తా రద్దయింది. మిషను మాత్రం వచ్చేస్తోంది. చేతిలో చిల్లిగవ్వ లేదు. కక్కలేక మింగలేక. అప్పుడు ఈయన పెద్ద కొడుకు హజిమే టీబీఎస్ టీవీలో దర్శకుడు. ఆ దారిన టీబీఎస్ ఆ మిషను కొనుక్కుంది. కొన్నాక ఊరికే ఉంచుతారా? దానికి పని కావాలి. అలా టీబీఎస్ తీయించిన సీరియలే 'అల్ట్రా క్యూ'. చూశారా, కథ పుట్టి మిషను కొనలేదు. మిషను వచ్చింది కాబట్టి కథ పుట్టింది. ఇది నేను ఎక్కడ చెప్పినా జనం నవ్వుతారు, మీరూ నవ్వారు. కానీ మీరు రేపు ఉద్యోగాలకెళ్లాక చూడండి, సగం ప్రాజెక్టులు ఇలాగే పుడతాయి.

'అల్ట్రా క్యూ' 1966 జనవరి 2న మొదలైంది. బ్లాక్ అండ్ వైట్. వారానికో వింత జంతువు. పిల్లలు టీవీల ముందు నుంచి లేవలేదు. సగటున ముప్ఫై శాతం దాటింది రేటింగు. దాని వెనకే, జూలై 17న, రంగుల్లో 'అల్ట్రామాన్'. అసలు దీనికన్నా వారం ముందు, జూలై 10న, మొదటి ఎపిసోడ్ సిద్ధం కాలేదని ఒక హాల్లో జరిగిన ప్రీమియర్ వేడుకని టీవీలో వేశారు. ఇప్పటికీ ప్రతి ఏటా జూలై 10నే అల్ట్రామాన్ డే అని చేసుకుంటారు. అంటే ఎపిసోడ్ లేట్ అయిన రోజు పండుగైంది.

అల్ట్రామాన్‌కి రూపం ఇచ్చింది తోరు నరితా, శిల్పం చదువుకున్న మనిషి. ముఖం మైనపు ముద్దలా నున్నగా ఉంటుంది చూడండి, పెదవుల మీద ఉండీ లేనట్టు నవ్వు. పాత విగ్రహాల్లో ఉండే నవ్వు అది. ఆ అచ్చు తీసింది అకిరా ససాకి. లోపల ఉన్నది బిన్ ఫురుయా, సన్నగా పొడుగ్గా ఉండే కుర్రాడు. ఆ ఒడ్డూ పొడుగూ చూసే నరితా అతన్నే కావాలన్నాడు. ఏడాది పాటు ముఖం కనపడకుండా చేశాడు. తర్వాత వచ్చిన 'అల్ట్రాసెవెన్' సీరియల్లో అతనికి ముఖం కనపడే పాత్ర ఇచ్చారు, అమాగి అని. మంచి పని చేశారు.

గుండె మీద దీపం ఉంది కదా, కలర్ టైమర్. హీరో బలం అయిపోవస్తుంటే నీలం నుంచి ఎరుపుకి మారి మిణుకుమంటుంది. అది నరితాకి అస్సలు నచ్చలేదు. శిల్పం మీద బల్బు పెడతారా అని. కానీ నిర్మాణం వాళ్లు పట్టుబట్టారు. పోరాటానికి గడువుంటే ఉత్కంఠ ఉంటుంది. పైగా ట్రిక్ షాట్లు తీసే నిమిషాలు తగ్గుతాయి, ఇది నా లెక్క అనుకోండి. అప్పటికి చాలా ఇళ్లల్లో ఉన్నవి బ్లాక్ అండ్ వైట్ టీవీలే, రంగు మారితే కనపడదు, అందుకని మిణుకూ, చప్పుడూ పెట్టారు. చాలా ఏళ్ల తర్వాత, 2022లో వచ్చిన 'షిన్ అల్ట్రామాన్' సినిమాలో ఆ దీపాన్ని తీసేశారు. నరితా మొదట కోరుకున్న రూపం అదని. ఆయన మాత్రం 2002లోనే పోయారు.

ఇప్పుడు సూట్ల సంగతి. ఇది నాకు చాలా ఇష్టమైన భాగం, కాస్త ఓపిక పట్టండి. 1965లో టోహో సినిమా కోసం బరగాన్ అనే జంతువు సూటు చేశారు. సినిమా అయిపోయింది. సూటు త్సుబురాయా వాళ్లు తెచ్చుకున్నారు. తల మార్చి 'అల్ట్రా క్యూ'లో పాగోస్ చేశారు. మళ్లీ మార్చి 'అల్ట్రామాన్'లో నెరోంగా చేశారు. మళ్లీ మార్చి మగులార్. మళ్లీ మార్చి గబోరా. ఒకటే ఒళ్లు, ఐదు జన్మలు! పిల్లలకి తెలియలేదా? కొందరికి తెలిసే ఉంటుంది. ఎవరికి కావాలండీ. అంతకంటే పెద్ద దొంగతనం, పదో ఎపిసోడ్లో జిరాస్ అనే జంతువు వస్తుంది. మెడ చుట్టూ పసుప్పచ్చ పట్టీ, గొడుగులా విప్పుకుని ఉంటుంది. లోపల ఎవరు? సాక్షాత్తూ గాడ్జిల్లా సూటు. ఆ సూటులో ఎవరు? సాక్షాత్తూ నకాజిమా. పోరాటం మధ్యలో అల్ట్రామాన్ ఆ పట్టీ పీకేస్తాడు. పీకేస్తే మిగిలేది గాడ్జిల్లాయే! కంపెనీ పేదరికాన్ని దాచలేదు, దాన్నే జోకు చేసి ప్రసారం చేసేశారు.

ఆ సీరియల్ సగటు రేటింగు 36.8 శాతం. ఒక ఎపిసోడ్ 42.8 దాకా పోయింది. మరి 39 ఎపిసోడ్లకే ఎందుకు ఆపేశారు? జనం చూడకా? కాదు. తీయలేక! వారం వారం ఇవ్వడానికి చేతులు చాల్లేదు. కాంతి కిరణం ఉంటుంది కదా, చేతులు అడ్డంగా నిలువుగా పెట్టి వదిలేది, అది ఒక్కో ఫ్రేముకి మనిషి కూర్చుని గీసిన కిరణం. సదావో ఈజుకా అనే ఆయన గీసేవాడు. టీవీ వాళ్లు ఇచ్చే దానికంటే ఎపిసోడ్‌కి అయ్యే ఖర్చు ఎక్కువ. హిట్టయ్యే కొద్దీ అప్పు. విన్నారా ఎక్కడైనా? అప్పు చేసి పప్పుకూడు అంటాం కదా, వీళ్లు అప్పు చేసి ఊరందరికీ పప్పుకూడు పెట్టారు.

డబ్బు మాట కాసేపు పక్కన పెట్టి కథల గురించి ఒక మాట. కథల విభాగం పెద్ద ఎవరో తెలుసా? తెత్సువో కిన్జో. ఇరవైల్లో ఉన్న కుర్రాడు, ఒకినావా వాడు. 1972 దాకా ఒకినావా అమెరికా చేతిలో ఉంది. అక్కడి నుంచి టోక్యో రావాలంటే అనుమతి కాగితాలు కావాలి. యుద్ధంలో వాళ్లమ్మ కాలు పోగొట్టుకుంది. అలాంటి మనిషి వేరే గ్రహం నుంచి వచ్చి ఇక్కడివాళ్ల కోసం పోరాడే వాడి కథ రాశాడు. 'అల్ట్రాసెవెన్'లో ఆయన రాసిన ఎపిసోడ్ ఒకటుంది, నోన్‌మాల్ట్ అనే జాతి గురించి. సముద్రం అడుగున ఉన్న వాళ్లు అంటారు, భూమి అసలు మాది, మీరే మమ్మల్ని తరిమేశారు అని. భూమి దళం వాళ్లు అదంతా అబద్ధమనుకుని వాళ్ల ఊరినే పేల్చేస్తారు. పిల్లల సీరియలండీ ఇది! ఒకినావా గురించే అని కొందరంటారు, అంత సూటిగా కాదని కొందరంటారు. నాకైతే ఒకినావా కనపడకుండా ఆ ఎపిసోడ్ చూడటం కష్టం. కిన్జో 1969లో ఉద్యోగం మానేసి సొంతూరు వెళ్లిపోయాడు. 1976లో, నలభై నిండకుండానే పోయాడు.

సరే, మళ్లీ లెక్కల్లోకి. 1968 నాటికి అప్పులు మెడ దాకా. టోహో అజమాయిషీ పెరిగింది, చాలామంది వెళ్లిపోయారు, నరితా కూడా. 1970 జనవరిలో ఎయిజి పోయాడు, 68 ఏళ్లు. హజిమే టీవీ ఉద్యోగం వదిలి కంపెనీ భుజాన వేసుకున్నాడు. 'అల్ట్రామాన్' పాట రాసింది కూడా ఈ హజిమేనే, మారుపేరుతో. 1971లో మళ్లీ కొత్త అల్ట్రామాన్ సీరియల్, మళ్లీ పిల్లల పిచ్చి. అంతలో 1973 ఫిబ్రవరిలో హజిమే కూడా పోయాడు. 41 ఏళ్లు. మూడేళ్లలో తండ్రీ కొడుకూ. తమ్ముడు నోబోరు కుర్చీలో కూర్చున్నాడు.

కూర్చోగానే పెట్రోలు సంక్షోభం. అన్నిటి ధరలూ పెరిగాయి. అప్పుడు 'అల్ట్రామాన్ లియో' నడుస్తోంది. అందులో హీరోతో పాటు ఒక రక్షణ దళం ఉంటుంది, అరడజను పైన నటులు, సెట్టు, విమానాల బొమ్మలు. నలభయ్యో ఎపిసోడ్లో ఒక రాక్షసుడు వచ్చి ఆ దళాన్ని మొత్తం మింగేస్తాడు. మొత్తం! పిల్లలు నోరెళ్లబెట్టారు. ఎందుకు మింగించారు? బడ్జెట్ కోత అంటారు. కథ రాసిన వాళ్ల మెచ్చుకోవాల్సిన గుణం ఏంటంటే, ఆ కోతని కూడా ఆ సీరియల్లో అన్నిటికంటే భయంకరమైన ఎపిసోడ్‌గా మార్చారు.

ఇక్కడ మనకి తెలిసిన ఒక పెద్దమనిషి వస్తాడు. హనుమంతుడు. నిజమేనండీ! థాయిలాండ్ నుంచి సోంపోట్ అనే ఆయన అరవైల్లో జపాన్ వచ్చి ఎయిజి దగ్గర పని చూశాడు. తర్వాత సొంత కంపెనీ పెట్టి, 1974లో త్సుబురాయా వాళ్లతో కలిసి సినిమా తీశాడు. అల్ట్రా అన్నదమ్ములు, అంటే అల్ట్రామాన్ లాంటి హీరోలంతా, పక్కన హనుమంతుడు. బుద్ధ విగ్రహం తల దొంగిలించిన వాళ్ల చేతిలో ఒక పిల్లాడు చనిపోతే, అల్ట్రా తల్లి వాడికి హనుమంతుడిగా ప్రాణం పోస్తుంది. మన హనుమంతుడిలా నెమ్మదైన వాడు కాదు, థాయి రామాయణంలో హనుమ వేరు. దొంగల్ని దొరకబుచ్చుకుని నలిపేస్తాడు. చూస్తే కాస్త ఉలిక్కిపడతారు.

సినిమా వరకూ బానే ఉంది. 1995లో నోబోరు పోయాడు. పోయాక ఒక కాగితం బయటికొచ్చింది. 1976లో నోబోరు ముద్ర వేసి ఇచ్చాడట, జపాన్ బయట అల్ట్రామాన్ హక్కులన్నీ థాయి కంపెనీవేనని. అందులో త్సుబురాయా కంపెనీ పేరూ, సీరియళ్ల పేర్లూ తప్పులు. కోర్టులు. 2004లో జపాన్ సుప్రీంకోర్టు ఆ కాగితం చెల్లుతుందంది. 2008లో థాయి సుప్రీంకోర్టు చెల్లదంది. చివరికి అమెరికాలో 2017లో జ్యూరీ అసలైనది కాదంది, 2018లో తీర్పు వచ్చింది, మరుసటి ఏడు పై కోర్టు కూడా దాన్నే నిలబెట్టింది. ఇరవై ఏళ్లు! ఈ ఇరవై ఏళ్లూ పోకేమాన్, డ్రాగన్ బాల్ ప్రపంచమంతా తిరిగేస్తుంటే అల్ట్రామాన్ విదేశాల్లో అడుగు పెట్టాలంటే ముందు లాయర్ని అడగాలి. ఒక్క కాగితం. ఒప్పందం మీద సంతకం పెట్టేటప్పుడు, పెట్టించుకునేటప్పుడు, ప్రతి పేజీ కాపీ దగ్గర పెట్టుకోండి. గ్రాఫిక్స్ క్లాసులో చెప్పని పాఠం ఇది.

1996లో 'అల్ట్రామాన్ టిగా' వచ్చింది. జపాన్ టీవీలో పదిహేనేళ్లకి పైబడి కొత్త అల్ట్రామాన్ సీరియల్ లేదు, కొత్త తరం పిల్లలకి ఇదే వాళ్ల అల్ట్రామాన్. బాగా ఆడింది. లెక్కలు? మళ్లీ అంతే. 2007లో ఇక నడపలేక కుటుంబం కంపెనీని టీవైఓ అనే ప్రకటనల సంస్థకి ఇచ్చేసింది. మరుసటి ఏడే టోక్యోలో కినుటా అనే పేటలో ఉన్న పాత ఆఫీసు కూడా పోయింది. 2010లో ఫీల్డ్స్ అనే కంపెనీ కొనుక్కుంది. అదేం చేస్తుంది? పచింకో మిషన్లు అమ్ముతుంది. ఉక్కు గోళీలతో ఆడే జూదం. చాలామంది ముఖం చిట్లించారు, నేనూ చిట్లించాను. కానీ తమాషా చూడండి. 2022లో ఆ కొన్న కంపెనీయే తన పేరు మార్చుకుంది. త్సుబురాయా ఫీల్డ్స్ హోల్డింగ్స్! కొన్నవాడే కొనబడ్డవాడి పేరు పెట్టుకున్నాడు.

ఇప్పుడు లాభాలు వస్తున్నాయా అంటే, వస్తున్నాయి. ఎక్కడి నుంచి? ఎపిసోడ్ల నుంచి కాదు. బొమ్మలు, కార్డులు, హక్కులు, ముఖ్యంగా చైనా. 2013 నుంచి ఏటా ఒక కొత్త సీరియల్ వదలకుండా తీస్తున్నారు, మొదటి రెండూ పక్కన పెడితే ఒక్కోటీ పాతిక ఎపిసోడ్లు అటూ ఇటూ. బండాయ్ అనే కంపెనీ అమ్మే బొమ్మలు ముందు, కథ వెనక అని పెదవి విరిచే వాళ్లున్నారు. నిజమే, హీరో చేతిలో పట్టుకునే ప్రతి వస్తువూ కొట్లో దొరికేదే. నాకు అది పెద్ద తప్పుగా కనపడదు. మిషను కోసం కథ పుట్టిన కంపెనీ ఇది, బొమ్మ కోసం పుడితే ఏం? కంప్యూటర్ గ్రాఫిక్స్ వాడుతున్నారు, కానీ సూటూ, బొమ్మ ఇళ్లూ వదల్లేదు. సుకగావాలో 2019లో ఎయిజి పేరున మ్యూజియం పెట్టారు, వెళ్లే అవకాశం వస్తే బొమ్మ ఇళ్లు ఎలా చేస్తారో చూసి రండి.

నా మాట అయింది. ఇప్పుడు టీ తాగి వచ్చాక రెండు ఎపిసోడ్లు వేస్తాం. ఒకటి ఇందాక చెప్పిన జిరాస్. ఇంకోటి ఇరవై మూడోది, జమీలా, అకియో జిస్సోజి తీసింది. అంతరిక్షంలో వదిలేస్తే రాక్షసుడైపోయి తిరిగొచ్చిన మనిషి కథ. జిరాస్‌లో మెడ దగ్గర అతుకు ఎక్కడుందో వెతకండి. జమీలాలో చివర నీళ్లు కొట్టే చోట, నీటి చుక్క సైజు గురించి నేను చెప్పింది గుర్తు పెట్టుకుని చూడండి. ప్రశ్నలన్నీ అవి చూశాక అడగండి.